విడిపోయాక పిల్లల పోషణకు నెలకు ఎంత? లెక్క కట్టే పద్ధతి

"నెలకు ఎంత ఇస్తావు?" భార్యాభర్తలు విడిపోయాక డబ్బు గురించి మొదట వచ్చే మాట ఇదే. ఈ మాటతో మొదలైతే అది బేరం అవుతుంది, లెక్క అవదు. ఒకరు పెంచి చెబుతారు, ఇంకొకరు తగ్గించి చెబుతారు, చివరికి మధ్యలో ఎక్కడో ఆగుతుంది. అలా ఆగిన అంకెకూ పిల్లలకు నిజంగా అయ్యే ఖర్చుకూ సంబంధం ఉండదు.

నేను డబ్బు ఇచ్చే వైపు ఉన్నవాణ్ని. మేం విడిపోయినప్పుడు మా పాపకు ఆరేళ్లు. మొదటిసారి మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడు నేను ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసుకుని వెళ్లాను: ఫీజు, తిండి, బట్టలు, మందులు. వాళ్లమ్మ ఒక పొడుగు నోట్‌బుక్ తెచ్చింది. ప్రతి పేజీకీ బిల్లులు పిన్ను చేసి ఉన్నాయి. అందులో ఒకే ఏడాదిలో మూడు బూట్ల బిల్లులు ఉన్నాయి. మూడూ మూడు సైజులు. పాప పాదం అంత వేగంగా పెరుగుతోందని ఆ బిల్లులు చూసేదాకా నాకు తెలియదు. ఆ రోజు నా కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ నోట్‌బుక్ నుంచే లెక్క మొదలుపెట్టాం. ఇప్పుడు మీకు చెప్పబోయే వరస అక్కడ నేర్చుకున్నదే. ముందు పిల్లల ఖర్చు, తర్వాత ఇద్దరి స్తోమత, ఆ తర్వాత పిల్లలు ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఉంటారన్నది. ఈ వరస మార్చకండి.

మొదటి పని: మీకు వర్తించే పద్ధతి ఏదో తెలుసుకోండి

లెక్క మీరు ఎంత బాగా వేసినా, మీరున్న చోట చట్టం దాన్ని ఎలా చూస్తుందో తెలియకపోతే ఉపయోగం తక్కువ. ప్రపంచంలో స్థూలంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి.

కొన్ని చోట్ల ఇచ్చేవాళ్ల ఆదాయంలో ఇంత శాతం అని నేరుగా ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్థూల ఆదాయం, అంటే పన్నులు కోయకముందు ఆదాయం మీద ఒక్క బిడ్డ ఉంటే 17 శాతం, ఇద్దరుంటే 25, ముగ్గురుంటే 29. టెక్సస్‌లో పన్నుల వంటివి పోగా మిగిలిన దాని మీద 20, 25, 30. బ్రిటన్‌లో చైల్డ్ మెయింటెనెన్స్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థ వారానికి వచ్చే స్థూల ఆదాయం మీద లెక్క కడుతుంది. 200 నుంచి 800 పౌండ్ల ఆదాయం దాకా ఒక్కరికి 12 శాతం, ఇద్దరికి 16, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మందికి 19. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇద్దరు పిల్లలుంటే శాతం రెట్టింపు కాలేదు. ఇల్లు ఒకటే, వంట ఒకటే, అన్నయ్య పుస్తకాలు చెల్లికి పనికొస్తాయి. ఇంట్లో లెక్క వేసుకునేటప్పుడు కూడా "ఒక్కరికి ఇంత కాబట్టి ఇద్దరికి దానికి రెండింతలు" అనకండి.

రెండో పద్ధతిలో తల్లి ఆదాయం, తండ్రి ఆదాయం రెండూ కలిపి, కలిసి ఉండి ఉంటే పిల్లల మీద ఎంత ఖర్చు పెట్టేవారో అంచనా వేసి, ఆ మొత్తాన్ని ఆదాయాల నిష్పత్తిలో పంచుతారు. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు ఈ దారిలోనే ఉన్నాయి. ఆస్ట్రేలియా కూడా ఇద్దరి ఆదాయాన్నీ చూస్తుంది, పైగా ఎవరి బతుకుకు వాళ్లకు కొంత మొత్తం ముందే తీసి పక్కన పెడుతుంది. నాకు అన్నిటికంటే న్యాయంగా అనిపించేది ఇదే.

మూడోది, శాతం ఏమీ లేకుండా జడ్జి పరిస్థితి చూసి నిర్ణయించే పద్ధతి. భారతదేశంలో ఇంతే. మనోవర్తి, అంటే పోషణ ఖర్చు కోసం వేసే పిటిషన్ ఇంతకుముందు సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125వ సెక్షన్ కింద ఉండేది. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అయింది. జీతంలో ఇంత వంతు పిల్లలకు ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు. కానీ 2020 నవంబర్‌లో రజనేష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి పని చేసింది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అఫిడవిట్ రూపంలో కోర్టు ముందు పెట్టాలంది. మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కించాలని కూడా చెప్పింది. అంటే ఫార్ములా లేని చోట మీ కాగితాలే ఫార్ములా. ఖర్చుల షీట్ ఎంత శుభ్రంగా ఉంటే మీ మాటకు అంత బలం.

శాతం పద్ధతి ఉన్న చోట ఉండేవాళ్లు కింద చెప్పే షీట్ మాకెందుకు అనుకోవద్దు. శాతం ప్రకారం వచ్చిన అంకె పిల్లల ఖర్చుకు సరిపోతుందా లేదా అని చూసుకోవడానికి వేరే దారి లేదు.

రెండో పని: పిల్లల ఖర్చుల షీట్

ఇది ఎక్కువ టైమ్ పట్టే పని. ఒక సాయంత్రంలో అవదు, తొందరపడకండి.

జ్ఞాపకం మీద ఆధారపడి రాయకండి. గడిచిన 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ లేదా కార్డు లావాదేవీలు తీసి ముందు పెట్టుకోండి. ఒక్క నెల చూసి రాస్తే తప్పు వస్తుంది. స్కూలు తెరిచే నెల చూస్తే ఖర్చు ఆకాశంలో ఉంటుంది, సెలవుల నెల చూస్తే నేల మీద ఉంటుంది. ఏడాదికి ఒకసారి వచ్చేవన్నీ, అంటే ఫీజు, యూనిఫాం, ఇన్సూరెన్స్ ప్రీమియం, పుట్టినరోజు, సెలవుల ప్రయాణం, ఇవన్నీ 12తో భాగించి నెల లెక్కలోకి తెచ్చుకోండి.

అందరూ తడబడేది ఇంటి అద్దె దగ్గర. ఇంట్లో ఇద్దరున్నారు కాబట్టి అద్దెలో సగం పాపది అని కొందరు రాస్తారు. అవతలివాళ్లు వెంటనే, "పాప లేకపోయినా నువ్వు ఎక్కడో ఒకచోట అద్దెకు ఉండాలి కదా" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. నాకు తెలిసి సరైన దారి తేడా చూడటం. పాప లేకపోతే మీరు ఒక బెడ్‌రూమ్ ఇంట్లో ఉండేవారు, పాప ఉంది కాబట్టి రెండు బెడ్‌రూమ్‌ల ఇంట్లో ఉంటున్నారు. ఆ రెండు అద్దెల మధ్య తేడా పాప ఖర్చు. కరెంటు బిల్లుకూ, ఇంటర్నెట్‌కూ ఇదే లెక్క. ఈ పద్ధతితో వచ్చే అంకె కొంచెం తక్కువే ఉంటుంది, కానీ ఎవరూ కాదనలేరు.

చిన్నచిన్నవి వదిలేయకండి. క్షవరం, స్కూల్లో ప్రాజెక్టు కోసం కొన్న చార్టులు, స్నేహితుల పుట్టినరోజులకు పట్టుకెళ్లే గిఫ్టులు, పోగొట్టుకున్న వాటర్ బాటిల్, పళ్ల డాక్టరు. ఒక్కోటి చూస్తే ఏమీ లేదు, ఏడాదికి కలిపితే ఒక నెల ఫీజంత అవుతాయి. పాప స్కూలు నుంచి వచ్చాక మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా చూసుకునే మనిషికి ఇచ్చే జీతం కూడా పాప ఖర్చే. అది లేకపోతే మీరు ఉద్యోగానికి వెళ్లలేరు.

అలాగని లేనివి పెట్టకండి. కొంటామో లేదో తెలియని సైకిలు, చేర్పించని డాన్సు క్లాసు షీట్‌లో ఎక్కిస్తే, అవతలివాళ్లు ఆ ఒక్క లైన్ పట్టుకుని మిగతా షీట్ మొత్తాన్నీ అనుమానిస్తారు. బిల్లు ఉన్న లైన్ పక్కన చిన్న టిక్కు పెట్టుకోండి. బిల్లు లేనివి అంచనా అని రాయండి.

ఒక ఉదాహరణ షీట్ ఇలా ఉంటుంది. అంకెలు లెక్క అర్థం కావడానికే, మీవి మీరు వేసుకోండి.

తిండి: 5,000
అద్దెలో తేడా: 3,500
స్కూలు ఫీజు (ఏడాదికి 48,000): 4,000
స్కూలు బస్సు: 1,200
పుస్తకాలు, క్లాసులు: 1,100
బట్టలు, బూట్లు (ఏడాదికి 10,800): 900
వైద్యం, ఇన్సూరెన్స్: 800
కరెంటు, సరదాలు, చిల్లర ఖర్చులు: 1,500
మొత్తం: నెలకు 18,000

మూడో పని: ఇద్దరి ఆదాయం

ఉద్యోగం ఉన్నవాళ్లకు ఒక్క పే స్లిప్ చాలదు. 12 నెలలవి తీసుకోండి. బోనస్, ఇన్సెంటివ్, ఓవర్‌టైమ్ కలిపి 12తో భాగించండి. ఇంటి అద్దె మీద వచ్చేది, వడ్డీ, పక్కన చేసే చిన్న పని కూడా ఆదాయమే.

జీతంలోంచి ఏవి తీసేయవచ్చన్నది గొడవకు మూలం. ఆదాయపు పన్ను, చట్టం ప్రకారం తప్పనిసరిగా కోసే మొత్తాలు తీసేయవచ్చు. కానీ సొంతంగా పెట్టుకున్న సేవింగ్స్, కొత్తగా తీసుకున్న కారు లోను ఈఎంఐ తీసేసి, "నా చేతికి ఇంతే వస్తోంది" అంటే అది నిలబడదు. ఆ ఈఎంఐ మీ ఇష్టంతో వచ్చింది, పిల్లల అన్నం మీ ఇష్టం మీద ఆధారపడింది కాదు.

వ్యాపారం, ఫ్రీలాన్స్ పని చేసేవాళ్లకు ఒక్క ఏడాది చూస్తే మోసం జరగొచ్చు, ఎవరికైనా. మూడేళ్ల ఐటీ రిటర్నులు తీసి సగటు చూడండి. వ్యాపారం ఖాతాలో రాసుకున్న సొంత ఖర్చులు, అంటే ఇంటి ఫోను, సొంతానికి తిరిగిన పెట్రోలు లాంటివి మళ్లీ ఆదాయంలోకి కలపండి. రిటర్నులో తక్కువ చూపించి, ఖరీదైన ఇంట్లో ఉంటూ, పెద్ద కారులో తిరుగుతుంటే కోర్టులు ఆ జీవనశైలిని చూసి కూడా అంచనా వేస్తాయి. చదువు, అనుభవం ఉండి కూడా కావాలని ఉద్యోగం మానేసినవాళ్లకు, సంపాదించగలిగే స్తోమత ఎంతో చూసి ఆదాయం కట్టే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. నిజంగా ఉద్యోగం పోయినవాళ్లు మాత్రం ఆ కాగితాలు, వెతుకుతున్నట్టు రుజువులు దాచుకోవాలి.

నాలుగో పని: పంచడం

ఉదాహరణకు ఒకరికి నెలకు 60,000, ఇంకొకరికి 40,000 వస్తోంది అనుకుందాం. నేరుగా 60:40లో పంచితే 18,000లో మొదటివారి వాటా 10,800, రెండోవారిది 7,200.

ఇక్కడ ఆగిపోకండి. ఎవరైనా ముందు బతకాలి, ఆ తర్వాతే మిగిలిన దాన్ని పంచుకోగలరు. ఇద్దరికీ కనీస బతుకు ఖర్చు 20,000 అనుకుంటే మిగిలేది 40,000, 20,000. ఇప్పుడు నిష్పత్తి 2:1 అయింది. వాటాలు 12,000, 6,000. పిల్లల ఖర్చు మారలేదు, ఆదాయాలు మారలేదు, కానీ తక్కువ సంపాదించేవాళ్ల మీద నెలకు 1,200 భారం తగ్గింది. ఆస్ట్రేలియా ఫార్ములాలో ముందే కొంత తీసి పక్కన పెట్టేది ఇందుకే. మీరు ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు రెండు రకాలుగానూ వేసి చూడండి. కనీస ఖర్చు అంకె ఇద్దరికీ ఒకటే పెట్టండి, లేకపోతే అది ఇంకో బేరం అవుతుంది.

పిల్లలను చూసుకోవడానికే ఉద్యోగం మానేసిన తల్లికి ఆదాయం సున్నా అయితే వాటా కూడా సున్నానే. అంతమాత్రాన ఆమె ఏమీ ఇవ్వట్లేదని కాదు. పొద్దున లేపడం, స్నానం, హోంవర్కు, జ్వరం వస్తే రాత్రంతా మేలుకోవడం ఏ షీట్‌లోనూ ఎక్కవు.

ఐదో పని: ఎవరి దగ్గర ఎన్ని రాత్రులు

పిల్లలు కొన్ని రోజులు ఇచ్చేవాళ్ల దగ్గర కూడా ఉంటే, ఆ రోజుల ఖర్చు వాళ్లే పెడతారు. దాన్ని తగ్గించాలి. కానీ మొత్తం ఖర్చులో తగ్గించకూడదు. శని, ఆదివారాలు పాప మీ దగ్గర ఉందని స్కూలు ఫీజు తగ్గదు కదా. అందుకే షీట్‌ను రెండు భాగాలు చేయండి. పాపతో పాటు కదిలే ఖర్చులు ఒకటి, ఎక్కడున్నా మారని ఖర్చులు రెండు. పై ఉదాహరణలో తిండి 5,000, కరెంటు, సరదాల్లో ఒక 1,000, మొత్తం 6,000 కదిలేవి.

ఏడాదిలో 73 రాత్రులు పాప డబ్బు ఇచ్చేవాళ్ల దగ్గర ఉంటే అది 365లో 20 శాతం. 6,000లో 20 శాతం 1,200. వాటా 12,000 లోంచి 1,200 తీసేస్తే నెలకు పంపాల్సింది 10,800. సరిచూసుకోండి. పంపేవాళ్లు 10,800 ఇచ్చి, 1,200 తమ దగ్గర ఖర్చు పెట్టారు, కలిపి 12,000. అవతలివాళ్లు చేతి నుంచి పెట్టింది 6,000. రెండూ కలిపితే 18,000. ఇలా చివర కూడి చూస్తే తప్పు ఉంటే వెంటనే దొరుకుతుంది. రాత్రులు సగం సగం అయితే మాత్రం ఈ చిన్న లెక్క సరిపోదు. రెండిళ్లలోనూ గది, మంచం, పుస్తకాల బల్ల కావాలి కాబట్టి పిల్లల మొత్తం ఖర్చే పెరుగుతుంది. అప్పుడు షీట్ మళ్లీ మొదటి నుంచి వేయాలి.

రాత్రుల లెక్క ఎంత సున్నితమో బ్రిటన్ ఉదాహరణతో చెబుతాను. వారానికి 600 పౌండ్లు వచ్చేవారు ఒక్క బిడ్డకు 12 శాతం, అంటే 72 పౌండ్లు ఇవ్వాలి. బిడ్డ ఏడాదికి 52 నుంచి 103 రాత్రులు వాళ్ల దగ్గరే ఉంటే ఏడింట ఒక వంతు తగ్గి సుమారు 61.71 అవుతుంది. 104 నుంచి 155 దాకా అయితే ఏడింట రెండు వంతులు తగ్గి 51.43. అంటే 103వ రాత్రికీ 104వ రాత్రికీ మధ్య వారానికి పది పౌండ్ల పైన తేడా. ఇలాంటి గీతలున్న చోట ఒక్క రాత్రి కోసం కొట్లాడుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. తన నిద్రకు ధర కడుతున్నారని పిల్లలకు తెలిసిపోతుంది. రాత్రులు పిల్లల చదువు, మనసు చూసి ముందు నిర్ణయించుకోండి, డబ్బు లెక్క తర్వాత వేయండి. క్యాలెండర్‌లో మాత్రం ప్రతి రాత్రీ రాసుకోండి.

ఆరో పని: నెల లెక్కలో పట్టని ఖర్చులు

ఆసుపత్రిలో చేర్పించడం, పళ్లకు క్లిప్పులు, కళ్లజోడు, పెద్ద కోర్సు ఫీజు లాంటివి నెల మొత్తంలో కలపకండి. వాటిని వేరుగా పెట్టి, నాలుగో పనిలో వచ్చిన నిష్పత్తిలోనే, అంటే మన ఉదాహరణలో 2:1లో, పంచుకుంటామని రాసుకోండి. ఒక పరిమితి పెట్టుకుంటే మంచిది. ఫలానా మొత్తం దాటితే ముందు చెప్పి చేయాలి, అత్యవసరమైతే చేసి తర్వాత బిల్లు పంపాలి. బిల్లు పంపిన ఎన్ని రోజుల్లో ఇవ్వాలో కూడా రాయండి. మేం 15 రోజులు అని రాసుకున్నాం. ఆ ఒక్క వాక్యం వల్ల మాకు చాలా టెన్షన్ తగ్గింది.

ఏడో పని: పెరుగుదల

ఈ రోజు సరిపోయిన అంకె ఐదేళ్ల తర్వాత సరిపోదు. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయి అనుకుంటే 12,000 విలువ చేసే ఖర్చుకు ఐదేళ్లకు దాదాపు 16,060 కావాలి. ప్రతి ఏడాదీ ఇంత శాతం పెరుగుతుందని మొదటే రాసుకుంటే, ఏటా మళ్లీ అడగాల్సిన అవస్థ ఉండదు. భారతదేశంలో కోర్టుకు వెళ్లినా ఏటా పెంపు ఉండేలా ఉత్తర్వు అడగండి, లేకపోతే పెంచమని మళ్లీ పిటిషన్ వేసుకోవాలి.

ధరలు ఒక్కటే కాదు, వయసు కూడా ఉంది. జర్మనీ కోర్టులు 1962 నుంచి వాడుతున్న డ్యుసెల్‌డార్ఫ్ పట్టికలో పిల్లల వయసు మెట్లుగా ఉంటుంది: 5 ఏళ్ల దాకా, 6 నుంచి 11, 12 నుంచి 17, 18 పైన. మెట్టు ఎక్కినప్పుడల్లా మొత్తం మారుతుంది. మీ కాగితంలో కూడా పిల్లలు పెద్ద స్కూలుకు మారేటప్పుడు షీట్ మళ్లీ వేస్తామని ఒక లైన్ పెట్టుకోండి. ఎంత వయసు దాకా ఇవ్వాలన్నది చోటును బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 16 దాకా, అర్హత ఉన్న చదువులో ఉంటే 20 దాకా. చట్టం 18కే ఆపినా డిగ్రీ దాకా ఇద్దరం భరిస్తామని మీరు స్వయంగా ఒప్పుకుంటే ఎవరూ అడ్డు చెప్పరు.

ఎనిమిదో పని: రాసుకోవడం, పంపడం

నోటి మాట వద్దు. నెల మొత్తం, తేదీ, పెరుగుదల, అదనపు ఖర్చుల నిష్పత్తి, రాత్రులు, అన్నీ ఒక కాగితం మీద రాసి సంతకాలు చేయండి. కోర్టులో కేసు నడుస్తుంటే దాన్ని కోర్టు ముందు పెట్టి ఉత్తర్వుగా తెచ్చుకోండి. ఉత్తర్వు ఉంటేనే డబ్బు రానప్పుడు అమలు చేయించుకోగలరు.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. ఏ నెలదో నోట్‌లో రాయండి. చేతికి నగదు ఇస్తే ఇచ్చానని ఒకరు, రాలేదని ఇంకొకరు అంటారు, పైగా ఆ నగదును చాలాసార్లు పిల్లల చేతికే ఇచ్చి పంపుతారు. పిల్లలను ఆ కవరు మోసేవాళ్లుగా చేయకండి. స్కూలు ఫీజు నేరుగా స్కూలుకే కట్టాలనుకుంటే, అది నెల మొత్తంలో భాగమా, అదనమా అన్నది ముందే రాసుకోండి. తర్వాత వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

ఇంకొక మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. పాపను చూడనివ్వట్లేదని డబ్బు ఆపొద్దు. డబ్బు రాలేదని పాపను చూడనివ్వకుండా ఉండొద్దు. ఈ రెండూ వేర్వేరు విషయాలు, వేర్వేరుగా కోర్టుకు చెప్పుకోవాలి. ఈ డబ్బు మీ మాజీ భార్యకో భర్తకో ఇచ్చేది కాదు, పిల్లల హక్కు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 27వ అధికరణ కూడా పోషణ ఖర్చు తల్లిదండ్రుల నుంచి, వాళ్లు వేరే దేశంలో ఉన్నా సరే, రాబట్టేందుకు ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని చెబుతుంది.

లెక్క దగ్గర మీ ఇద్దరికీ కుదరకపోతే మధ్యవర్తిత్వానికి వెళ్లండి. కుటుంబ కోర్టుల్లో కౌన్సెలర్లు ఉంటారు. వెళ్లేటప్పుడు షీట్ రెండు కాపీలు, బిల్లుల ఫైలు, పే స్లిప్‌లు పట్టుకెళ్లండి. మొత్తం గురించి వాదించకుండా, లైన్ తర్వాత లైన్ చూడమని అడగండి. మా ఎనిమిది లైన్లలో ఆరింటికి పది నిమిషాల్లో ఒప్పుకున్నాం. మిగిలినవి అద్దె, క్లాసులు. వాటికి ఇంకో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది.

ఆరు నెలలు గడిచాక ఒకసారి షీట్ తీసి, నిజంగా అయిన ఖర్చు పక్కన రాసి చూడండి. మా షీట్‌లో తిండి తక్కువ వేశాం, క్లాసులు ఎక్కువ వేశాం. బూట్ల లైన్ మాత్రం సరిగ్గా వచ్చింది.